చువ్వలు వదిలిన స్లాబు

“మీది ఎన్నో జనరేషన్ సార్?”

కొట్లో కుర్రాడు అడిగిన ఆ ప్రశ్నకి నేను ఒక్క క్షణం మా ముత్తాత పేరు గుర్తు తెచ్చుకోబోయాను. తద్దినం రోజున మా పురోహితుడు తప్ప నన్ను తరాల లెక్క అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. అడుగుతున్నది నా కంప్యూటర్‌లో ఉన్న ప్రాసెసర్ సంగతని బోధపడ్డాక “మూడు” అన్నాను.

“ఇంక నడుస్తున్నదా సార్?”

వెటకారం కాదు. తొంభై దాటిన ముసలాయన ఇప్పటికీ తన పంచె తనే ఉతుక్కుంటాడని వింటే కలిగే ఆశ్చర్యం.

“నడుస్తోంది. కాకపోతే రోజూ పొద్దున్నే తేదీ మర్చిపోతోంది. బోర్డు మీద బిళ్ల బ్యాటరీ మూడుసార్లు మార్చాను.”

“వయసైపోయింది సార్” అన్నాడు. నా వైపు చూసి అనలేదనే అనుకుంటున్నాను.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని పూర్తి పేరుతో పిలిచినవాళ్లను నేనెప్పుడూ చూడలేదు. సీటీసీ. మెట్ల మీద అట్టపెట్టెలు, భుజాన మానిటర్లు మోస్తూ ‘సైడ్ సైడ్’ అనే కుర్రాళ్లు, గూడంత కొట్లో గోడ నిండా బోర్డుల డబ్బాలు. ఇవన్నీ ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే కొనుక్కోవచ్చు కదా అంటాడు మా అబ్బాయి. కొనుక్కోవచ్చు. కానీ నాది ఎన్నో తరమో కనుక్కుని జాలిపడేవాడు ఫోన్‌లో దొరకడు.

నా మూడో తరం వృద్ధుడి పేరు ఐ5-3470. నాలుగు కోర్లు, 3.2 గిగాహెర్ట్జ్. 2012 దసరాకి ఇదే సీటీసీలో కొన్నాను. అప్పటినుంచి 2023 లోపల ఇంటెల్‌వాళ్లు పద్నాలుగో తరం దాకా వచ్చేశారు. ఆ పైన లెక్కపెట్టడం విసుగనిపించిందో ఏమో, తరాల లెక్కే మానేసి పేరులో ‘అల్ట్రా’ చేర్చుకున్నారు. మా ఇంట్లో ఏడు తరాలు చెప్పుకోవాలంటే రెండొందలేళ్లు వెనక్కి నడవాలి. అక్కడ పదకొండేళ్లలో పదకొండు తరాలు పుట్టి, పెరిగి, అమ్ముడైపోయాయి.

నేను చేసేది పుస్తకాలకి పేజీలు కట్టే పని. చిక్కడపల్లిలో ఒక గది, ఒక లేజర్ ప్రింటరు, ఒక యూపీఎస్, నాలుగు దశాబ్దాల తెలుగు పుస్తకాల ప్రూఫు కాగితాలు. నిజానికి నా పనికి కొత్త కంప్యూటర్ అక్కర్లేదు. నేను పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, దాని తర్వాత ఇంకో పేజ్‌మేకర్ రాలేదు. దానికి, ‘అను’ తెలుగు ఫాంట్లకి, 2012 నాటి ప్రాసెసర్ ఏనుగుబలం కిందే లెక్క. కానీ రచయితలు ఇప్పుడు రాతప్రతి సంచీలో వేసుకుని రావడంలేదు. వాట్సాప్‌లో పంపుతున్నారు, ఈమెయిల్‌లో పంపుతున్నారు, నాలుగు వందల పేజీల నవలని ఫోటోలు తీసి పంపినవాళ్లూ ఉన్నారు. కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తప్పదు. ఇంటర్నెట్ ఉన్నాక విండోస్‌కి ఎప్పటికప్పుడు కాపలా అప్‌డేట్లు తప్పవు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి ఆ కాపలా ఎత్తేశారు. విండోస్ 11 పెట్టుకుందామంటే, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఆ పైవాళ్లకే లోపలికి ప్రవేశం. నాది మూడు. గుమ్మం దగ్గరే ఆపేశారు.

ప్రాసెసర్ ఒక్కటీ మార్చేద్దామనుకుంటాం. ప్రాసెసర్ మారితే దాని కాళ్లు పట్టే సాకెట్ మారాలి, అంటే బోర్డు మారాలి. బోర్డు మారితే పాత డీడీఆర్3 ర్యామ్ దాని గాడిలో దూరదు, కొత్త ర్యామ్ కొనాలి. ఇన్ని కొత్తవి వచ్చాక పన్నెండేళ్లు దాటిన ఎస్ఎంపీఎస్‌ని నమ్మి వాటికి కరెంటు ఇప్పించాలంటే మనసొప్పదు. గోచీని ఎలకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చుకున్న సన్యాసి చివరికి ఆవుని, పాలికాపుని, ఆలిని కూడా తెచ్చుకున్నాడట. ఆయన ఈ కాలంలో ఉంటే సీటీసీ మెట్ల మీదే కలిసేవాడు.

ఈ కథలో నా తప్పు ఒకటుంది. అది 2012లో జరిగింది. ఆ రోజు నాకు రెండు బోర్డులు చూపించారు. ఒకదాని మీద రెండు ర్యామ్ స్లాట్లు, ధర తక్కువ. ఇంకోటి బీ75 చిప్‌సెట్ బోర్డు, నాలుగు స్లాట్లు. “ఇప్పుడు నాలుగు జీబీ ఒక్కటి వేస్తం సార్. మూడు స్లాట్లు ఖాళీగ ఉంటయ్. పైసలున్నప్పుడు పెంచుకోవచ్చు. ప్రాసెసర్ గూడ తర్వాత ఐ7 వేస్కోవచ్చు” అన్నాడు అప్పటి కుర్రాడు. ఆ మాట వినగానే నాలో మా నాన్న నిద్రలేచాడు.

మా నాన్న బడిపంతులు. 1991లో తెనాలి పక్క మా ఊళ్లో ఇల్లు కట్టాడు. స్లాబు వేసే ముందురోజు తాపీ మేస్త్రి అడిగాడు: “మాస్టారూ, చువ్వలు వదలమంటారా, కోసెయ్యమంటారా?” వదిలితే రేపు పైన మేడ వేసుకోవచ్చు. కోసేస్తే ఇల్లు అక్కడికి పూర్తయినట్టు. మా నాన్న చేతిలో ఆ నెల జీతం తప్ప ఇంకేం లేదు, సిమెంటు కొట్లో బాకీ ఉంది. “వదులు” అన్నాడు. తొమ్మిది పిల్లర్లు, పిల్లరుకి నాలుగేసి, మొత్తం ముప్ఫై ఆరు చువ్వలు ఆకాశంలోకి నిలబడిపోయాయి. తుప్పు పట్టకుండా వాటికి సిమెంటు పాలు పూయించాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లని వంటింటికంటే ముందు మేడ మీదికే తీసుకెళ్లి ఆ చువ్వలు చూపించేవాడు. ‘ఇక్కడ పెద్దాడి గది, ఇక్కడ చిన్నాడిది, ఇటు వరండా’ అంటూ గాలిలో చేత్తో గోడలు గీసేవాడు. కింద గదులకి ఇంకా సున్నమే పడలేదు.

కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఏ ఊరిమీదుగా బస్సులో పోయినా ఈ చువ్వలే కనిపిస్తాయి. అమెరికా నుంచి వచ్చిన మా తమ్ముడి స్నేహితుడొకడు, ‘మీ వైపు ఇళ్లన్నీ సగంలో ఎందుకు ఆగిపోయాయి?’ అనడిగాడు. ఆగిపోలేదు నాయనా, ఎదురుచూస్తున్నాయి.

బోర్డు మీద ఖాళీ స్లాట్ నాకు అచ్చం ఆ చువ్వలాగే కనిపించింది. నాలుగు స్లాట్ల బోర్డే కొన్నాను. ఆ తర్వాత జరిగింది వినండి. నేను కొన్న ఎనిమిది నెలలకి, 2013 జూన్‌లో, నాలుగో తరం ప్రాసెసర్లు వచ్చాయి. వాటి సాకెట్ 1150. నా బోర్డుది 1155. ఆ అంకె ప్రాసెసర్ అడుగున బోర్డుని తాకే చోట్ల లెక్క. అయిదు తగ్గాయి, అంతే, కొత్తది పాతదాంట్లో కూర్చోదు. అంతకుముందు 2009లో 1156 వచ్చి, 2011లో 1155 అయింది. ఒకే ఒక్కటి తగ్గింది. ఆ ఒక్కదాని కోసం ప్రపంచమంతా బోర్డులు మార్చుకుంది. సమానంగా ఉంటే సర్దుకుంటాయా అంటే అదీ లేదు. 2015లో 1151 వచ్చింది. 2017లో ఎనిమిదో తరం కూడా 1151తోనే వచ్చింది. అంకె అదే, ఆకారం అదే, పాత బోర్డులో ఒద్దికగా కూర్చుంటుంది కూడా. కానీ పనిచెయ్యదు, కొత్త చిప్‌సెట్ ఉన్న బోర్డు కావాలి. పెళ్లిచూపుల్లో జాతకాలు కుదిరాక శాఖ పట్టింపు తెచ్చే మేనమామ ఒకడుంటాడు చూడండి, ఆ తంతు.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ర్యామ్ ఒక్క ముక్కగా వేస్తే ప్రాసెసర్‌కీ దానికీ మధ్య ఒకే దారి తెరుచుకుంటుంది. అదే రెండు ముక్కలుగా వేస్తే రెండు దారులు. నాలుగు జీబీ ఒకటే ముక్కగా వేయించుకుని, రేపటికని మూడు స్లాట్లు ఖాళీ పెట్టిన నేను, 2016లో రెండో ముక్క కొనేదాకా రెండు వరుసల రోడ్డులో ఒక వరుస మూసేసి బండి నడిపాను. అప్పుడే రెండేసి జీబీలవి రెండు కొనుంటే అదే డబ్బుకి పని ఇంకాస్త చురుగ్గా సాగేది. రేపటి కోసం ఖాళీ ఉంచుకోవడానికి ఇవాళ ఖర్చేం కాదనుకుంటాం. అవుతుంది, బిల్లులో కనపడదు.

సరే, అందరి చువ్వలూ తుప్పు పట్టాయా అంటే, లేదు. పోటీ కంపెనీ ఏఎండీవాళ్ల ఏఎం4 సాకెట్ కథ వేరు. 2017లో మొదటి రైజెన్ ప్రాసెసర్లతో పాటు జనం కొన్న ఆ బోర్డుల మీద, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ దాకా, ఒకదాని మీద ఒకటి అంతస్తులు లేచాయి. ఊరికే లేవలేదు. 2020 మేలో కంపెనీ, ఇకమీదట వచ్చే కొత్త తరం పాత బోర్డుల మీద నడవదని చెప్పింది. కొన్నవాళ్లు గోలపెట్టారు. నెల తిరక్కుండానే ముందు 400 శ్రేణి బోర్డుల విషయంలో దిగొచ్చింది, 2022లో మొదటి 300 శ్రేణికి కూడా అనుమతి ఇచ్చింది. కంపెనీ చెప్పుకున్న ఇబ్బందుల్లో ఒకటి నాకు భలే నచ్చింది. ఏయే ప్రాసెసర్ని ఎలా పలకరించాలో బోర్డుకి చెప్పే బయోస్ ఒక చిన్న చిప్పులో ఉంటుంది. చాలా పాత బోర్డుల్లో దాని చోటు 16 మెగాబైట్లే. కొత్త వాళ్ల పేర్లు ఎక్కించడానికి చోటు చాలక, కొన్ని బోర్డుల్లో మొదట్లో వచ్చిన ప్రాసెసర్ల పేర్లు కొట్టేశారు. పైన మేడ వెయ్యడానికి కింద అద్దెకున్నవాళ్లని ఖాళీ చేయించడమన్నమాట. ఏదైతేనేం, మేడ లేచింది. మా నాన్న ఏఎం4 బోర్డు కొనుంటే సంతోషించేవాడు.

మా మేడ లేవలేదు. 2008లో ఒక ఇంజినీరుని పిలిపించాం. ఆయన చువ్వని గోటితో గీకాడు. పొర లేచి రాలింది. ఇవి పనికిరావు, పిల్లరు తలకాయ కొట్టి లోపలి ఇనుముకి కొత్తది కలపాలి అన్నాడు. తర్వాత పునాదుల సంగతి అడిగి, పెదవి విరిచాడు. అసలు పైన ఎవరుంటారని అమ్మ అడిగింది. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు అట్లాంటాలో. నాన్న పోయి అప్పటికి రెండేళ్లు.

కానీ ఆ పదిహేడేళ్లూ, ఆ తర్వాత ఇంకో పదేళ్లూ ఆ చువ్వలు ఊరికే నిలబడలేదు. గృహప్రవేశమైన వారంలోనే అమ్మ రెండు చువ్వల మధ్య నైలాన్ తాడు లాగి దండెం కట్టింది. తర్వాత మూడు, తర్వాత అయిదు. ఇంటిల్లిపాది బట్టలు, పండక్కి వచ్చిన చుట్టాల బట్టలు, వడియాల బట్ట, చలికాలంలో ఎండేసిన బొంతలు అన్నీ వాటి మీదే. ఒక మూల చువ్వకి దిష్టిబొమ్మ, ఇంకో మూల దూరదర్శన్ యాంటెనా, అది పోయాక డిష్. మా తమ్ముడి చొక్కా ఒకటి చువ్వకి తగిలి చిరిగితే, అమ్మ ఒక్కో చువ్వ కొసకి పగిలిన ప్లాస్టిక్ చెంబు బోర్లించింది. దూరం నుంచి చూస్తే మా ఇంటి మీద ముప్ఫై ఆరుగురు టోపీలు పెట్టుకుని నిలబడ్డట్టు ఉండేది. మా నాన్న వదిలింది మేడకి. అమ్మ వాడుకుంది దండేనికి. నాన్న ఆ దండేల కింద నుంచి తల వంచుకుని వెళ్లి, ఖాళీగా మిగిలిన చువ్వలకి ఏటా సిమెంటు పాలు పూసి వచ్చేవాడు.

నా బీ75 బోర్డుని కూడా కాపాడింది ఆ నాలుగు స్లాట్లు కావు. ఆ చిప్‌సెట్‌లో హార్డ్‌డిస్కులు తగిలించే సాటా దారులు ఆరుంటాయి. వాటిలో అయిదు సెకనుకి మూడు గిగాబిట్లవి, ఒక్కటి మాత్రం ఆరు గిగాబిట్లది. కొన్నరోజున దాన్ని ఎవరూ నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. 2017లో హార్డ్‌డిస్కు బదులు ఒక ఎస్ఎస్‌డీ కొని, బోర్డుతో వచ్చిన పుస్తకం చూసి ఆ ఒక్క దారికే తగిలించాను. ఆన్ చేసి కాఫీ పెట్టుకుని వచ్చేదాకా గింజుకునే కంప్యూటర్, కుర్చీ ముందుకి జరుపుకునేలోపు తయారవడం మొదలుపెట్టింది. ఇంకో ఎనిమిదేళ్లు ఆ ఒక్క దారి మీదే బతికింది. నేను ఐ7 కోసం వదిలిన సాకెట్‌లోకి ఐ7 రాలేదు. ర్యామ్ కోసం వదిలిన మూడింట్లో రెండు స్లాట్లు దుమ్ము పట్టాయి. పిలవని చుట్టం మాత్రం, నేను లెక్కలో వేసుకోని గుమ్మంలోంచి వచ్చి ఇల్లు నిలబెట్టాడు.

“ఏం పని చేస్తరు సార్ దీంట్ల? గేమింగా, ఎడిటింగా?” ఇప్పటి కుర్రాడి ప్రశ్న.

“పాత కంప్యూటర్ నడపాలి” అన్నాను. వాడికి అర్థం కాలేదు. విడమరచి చెప్పాను. నా పాత పేజీలన్నీ పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. ఇరవై ఏళ్లనాటి పుస్తకం రెండో ముద్రణకొస్తే ఆ ఫైలు తెరవాలి. కొత్త విండోస్ మీద ఆ పాత సాఫ్ట్‌వేర్ పేచీ పెడుతుంది. అందుకని కొత్త కంప్యూటర్ లోపల ఒక ఉత్తుత్తి కంప్యూటర్‌ని సృష్టించి, దాంట్లో పాత విండోస్ పెట్టి, ఇంటర్నెట్ గాలి తగలకుండా పేజ్‌మేకర్‌ని నడపాలి. వర్చువల్ మెషీన్ అంటారు. కంప్యూటర్ కడుపులో కంప్యూటర్. రెండింటికీ అన్నం పెట్టాలంటే కోర్లు ఎక్కువ కావాలి, ర్యామ్ పదహారు జీబీ ఉండాలి. నేను కొత్తది కొంటున్నదే పాతదాన్ని మోయడానికి.

కుర్రాడు తల పంకించి రెండు దారులు చూపించాడు. ఒకటి ఏఎం5. 2022లో వచ్చిన సాకెట్, డీడీఆర్5 ర్యామ్, ఇంకా రాబోయే ప్రాసెసర్లు కూడా దాంట్లో కూర్చుంటాయి. “ఫ్యూచర్ ఉంటది సార్” అన్నాడు. రెండోది ఏఎం4. రైజెన్ 5 5600జీ, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు, డీడీఆర్4. చివర ‘జీ’ అంటే తెరమీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ దాంట్లోనే ఉన్నట్టు. ఈ అక్షరాల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. మా పక్కింటి కుర్రాడు నాలుగు డబ్బులు కలిసొస్తాయని చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ కొన్నాడు. ‘ఎఫ్’ అంటే లోపల గ్రాఫిక్స్ పనిచెయ్యదని అర్థం. అన్నీ బిగించి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, తెర మాత్రం అమావాస్య.

ఏఎం4 మీద ఇక చెప్పుకోదగ్గ కొత్త మేడలు లేవవు. అది పిట్టగోడ కట్టేసిన ఇల్లు. “దీనికి ఫ్యూచర్ లేదు సార్” అని నిజాయితీగానే చెప్పాడు. నేను మనసులో లెక్క వేశాను. నాకు యాభై ఏడు. పోయినసారి కొన్నది పదమూడేళ్లు నడిచింది. అదే లెక్కన మళ్లీ ఈ మెట్లెక్కేసరికి నాకు డెబ్భై. ఆ వయసులో ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుందామని ఏఎం5 సాకెట్ని ఇవాళ కొనిపెట్టుకోవాలా? అప్పటికి పేజీలు కట్టే మనిషి అవసరమే ఉంటుందో ఉండదో. పైగా 2025 చివర్లో ర్యామ్ ధరలకి పూనకం వచ్చింది. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు ప్రపంచంలో తయారయ్యే మెమరీ చిప్పుల్ని ఎత్తుకుపోతున్నాయి. “పొద్దుగాల చెప్పిన రేటు సాయంత్రం ఉంటలేదు సార్” అన్నాడు కుర్రాడు. నేను తెలుగు పేజీలు కట్టుకునే ర్యామ్‌కి, ఎక్కడో కవిత్వం రాసే యంత్రం నాకంటే ఎక్కువ పాట పాడుతోంది. డీడీఆర్4 కూడా పెరిగింది. కానీ అంతా కలిపి చూస్తే ఏఎం4 దారే చవక.

“ఏఎం4” అన్నాను.

ఇక బోర్డు. ఇక్కడ నేను మొండిపట్టు పట్టాను. చాలామంది ప్రాసెసర్ మీద డబ్బు పోసి బోర్డు దగ్గర పొదుపు చేస్తారు, నా దృష్టిలో అది పొరపాటు. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చేది పన్నెండు వోల్టులు. ప్రాసెసర్ తాగేది ఒక వోల్టు, ఆ పైన చిలుకు. 65 వాట్లని ఆ ఒకటీ చిల్లరతో భాగించి చూడండి, యాభై యాంపియర్లు దాటుతుంది. మన గీజర్ ప్లగ్గు పదహారు యాంపియర్లది. దానికి మూడింతల కరెంటు రెండంగుళాల దూరంలో, గోరంత ముక్కల గుండా, అదీ తూకం చెదరకుండా పోవాలి. వీధి చివర పదకొండు వేల వోల్టుల్ని మనింటి రెండొందల ముప్ఫైకి దించే ట్రాన్స్‌ఫార్మర్ ఏం చేస్తుందో, సాకెట్ పక్కన వరసగా కూర్చున్న ఆ నల్లటి గడులు అదే చేస్తాయి. బోర్డుల ధరల్లో తేడా చాలావరకు అక్కడుంటుంది. మా చిక్కడపల్లి వేసవిలో, ఏసీ లేని గదిలో, వాటి మీద వేడి లాగే అల్యూమినియం దిమ్మ ఉందా లేదా అని నేను ముందు చూసేది అందుకే. రంగుల లైట్లు ఉన్నాయా అన్నది కుర్రాడు చూసుకుంటాడు.

బీ550 చిప్‌సెట్ బోర్డు ఒకటి తీశాడు. దిమ్మ ఉంది. వెనక వీజీఏ ఉంది, నా పాత మానిటర్‌కి అది కావాలి. డబ్బా మీద నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ అని పెద్దక్షరాలు, కార్డులు తగిలించే దారి అది. 5600జీ పెడితే అది మూడో తరం వేగంతోనే నడుస్తుంది, ఎందుకంటే ఆ ప్రాసెసర్ చేతనైంది అంతే. రోడ్డు నూట ఇరవైకి వేసినా బండి ఎనభై దాటదు. ఫర్వాలేదు, నేను ఎప్పుడూ అరవైలోనే పోతాను.

“ఇందులనే రెండు స్లాట్లది ఉంది, నాలుగు స్లాట్లది ఉంది. వెయ్యిన్నర తేడా. మీకు ఎనిమిది ఎనిమిది రెండు వేస్తున్నం గద సార్, రెండు స్లాట్లది సరిపోతది” అన్నాడు.

సరిపోతుంది. ఇంతసేపూ నేను వేసిన లెక్కలన్నీ అదే చెప్పాయి. సాకెట్ విషయంలో రేపటిని కాదన్నవాణ్ణి, ర్యామ్ విషయంలో ఎందుకు అవుననాలి? పోయినసారి ఖాళీ స్లాట్లు రెండు దుమ్ము పట్టి పోలేదా? వెయ్యిన్నరకి ఎన్ని రీముల కాగితం వస్తుంది? ఇవన్నీ అనుకున్నాను. అనుకుంటూనే జేబులోంచి డబ్బు తీసి, “నాలుగు స్లాట్లదే ఇవ్వు” అన్నాను. కుర్రాడు నా మొహంకేసి చూశాడు. పాపం, వాడికి మా నాన్న తెలీదు.

సాయంత్రం ఆటోలో క్యాబినెట్ ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చాను. పాత ఎస్ఎస్‌డీ ఇంట్లోనే ఉంచి వెళ్లాను, ఇరవై ఏళ్ల పేజీలున్న దాన్ని బజారుకి తీసుకెళ్లడం ఇష్టంలేక. పక్క మూత విప్పి దాన్ని తగిలిస్తుంటే మా ఆవిడ ఫోన్ లైటు పట్టుకుంది. పాత బోర్డుని కొత్తదాని డబ్బాలోనే పెట్టి అటకెక్కించాను. ఇంత తుక్కు ఎందుకని అడుగుతుందనుకున్నా, అడగలేదు. ఆవిడ చూపు బోర్డు మీదుంది. రెండు ర్యామ్ ముక్కల్నీ కుర్రాడు పద్ధతి ప్రకారం, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో దాంట్లో, నాలుగో దాంట్లో పెట్టాడు.

“ఒకటి విడిచి ఒకటి ఖాళీగా ఉన్నాయేంటండీ? పెట్టడం మర్చిపోయాడా?”

“లేదు. కావాలనే వదిలాం.”

“దేనికి?”

“దండేనికి” అన్నాను.

అత్తగారి చీరలు ఆ చువ్వల మీంచి ఎన్నోసార్లు తీసి మడతపెట్టిన మనిషి. ఏమీ అనలేదు. లైటు ఇంకాస్త దగ్గరికి జరిపి, “ముందు ఆ మూత బిగించండి, దుమ్ము పడుతుంది” అంది.